బల్లి వాళ్ళ నాన్న

కుస్తీ అంటే ఏమిటో ఆ చలికాలం దాకా నాకు తెలియదు. ఇద్దరు మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు నేలకేసి కొట్టుకుంటారని, అది చూడ్డానికి జనం పని మానుకుని వస్తారని మాత్రం విన్నాను. హైస్కూలు చివరి ఏడు మావాడు స్కూలు జట్టులో చేరానని చెప్పినప్పుడు, "పళ్ళు జాగ్రత్త, మళ్ళీ మొలవవు" అన్నాను. మా అత్తయ్య మనవణ్ణి కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "గాలేస్తే ఎగిరిపోయేట్టున్నావు, నిన్ను పడెయ్యడానికి ఇంకో మనిషి ఎందుకురా?" అంది.

ఇంట్లో మేం ముగ్గురమే. మావాడికి నడక సరిగ్గా రాకముందే వాళ్ళ నాన్న పోయాడు. అత్తయ్య తన కూతురి దగ్గరికి వెళ్ళిపోకుండా నాతోనే ఉండిపోయింది. నేను ఒక బైండింగ్ షాపులో పనిచేసేదాన్ని. అచ్చయి వచ్చిన కాగితాలు మడవడం, వరసపెట్టి కుట్టడం, అట్టలు అంటించడం నా పని. మొదటి పోటీ రోజున ఓనరుని బతిమాలి మధ్యాహ్నమే బయటపడ్డాను.

పోటీ ఒక స్కూలు హాల్లో జరుగుతోంది. చెక్క మెట్ల గ్యాలరీ, జాలీ బిగించిన ట్యూబులైట్లు, హాలంతా నొప్పుల మందు వాసన. నడుమ పరిచిన పెద్ద రబ్బరు చాప మీద మావాడు నీలం డ్రెస్సులో నిలబడి ఉన్నాడు. ఆ బిగుతు బట్టల్లో వాడి పక్కటెముకలు గ్యాలరీ పైనుంచి కూడా కనిపిస్తున్నాయి. ఎదురుగా ఎర్ర డ్రెస్సులో అంతే ఎత్తున్న పిల్లాడు. ఈల వేశారో లేదో మావాడు కిందున్నాడు.

"ఇప్పుడేమైంది?" అని నాలో నేను అనుకున్నాననుకున్నాను గానీ పైకే అన్నట్టున్నాను.

"కింద పడేశాడు కదండీ, రెండు పాయింట్లు," అన్నాడు పక్కనున్నాయన. నల్ల స్వెట్టరు వేసుకున్నాడు. చెవి వెనక తెల్లగా ఏదో అంటుకుని ఉంది. "రెండు భుజాలూ చాపకి ఆనించేస్తే ఇక పాయింట్లతో పని లేదు. ఆట అయిపోయినట్టే."

మావాడు పొర్లుతున్నాడు, వంగుతున్నాడు, మోకాళ్ళ మీద లేస్తున్నాడు. ఆ ఎర్ర డ్రెస్సు పిల్లాడు మాత్రం వీపుని వదలడం లేదు.

"చూడండి, బల్లిలా ఎలా కరుచుకున్నాడో. వీణ్ణి కన్నవాళ్ళు ఏం పెట్టి పెంచారో గానీ," అన్నాను పళ్ళు కొరుక్కుంటూ.

ఆయన చాప మీంచి చూపు తిప్పి నా వైపు చూశాడు.

"ఎక్కువగా బ్రెడ్డేనండీ," అన్నాడు. "నాకు బేకరీ ఉంది. వాడు మావాడే."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "మీ అబ్బాయి మెడ బలంగా ఉందండీ. ఇంకెవరైనా అయితే ఈపాటికి అయిపోయేది," అన్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికే అన్నాడని తెలుసు. అయినా ఆ మాట నాకు బాగా పనిచేసింది.

మావాడు ఓడిపోయాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పగానే ఎర్ర డ్రెస్సు పిల్లాడికి బల్లి అన్న పేరు ఖాయమైపోయింది. మావాడు ఆ పేరుతోనే వాణ్ణి తిట్టుకునేవాడు, ఆ పేరుతోనే లెక్కలు వేసేవాడు. "బల్లిగాడు కుడి చేతితోనే మొదలుపెడతాడు. కాలు దొరికితే వాణ్ణి పడేయొచ్చు." ఇద్దరిదీ ఒకే బరువు తరగతి కాబట్టి ఆ సీజనంతా మళ్ళీ మళ్ళీ ఎదురుపడక తప్పదు. మావాడికి దిగులు ఓటమి గురించి కాదు, బరువు గురించి. మా షాపులో కాగితం తూచే కాటా ఉండేది. పోటీకి ముందు సాయంత్రం వచ్చి దాని మీద ఎక్కేవాడు. ఓనరు కళ్ళద్దాల మీంచి చూసి, "ఇంకో రెండు కట్టలు తగ్గాలా నాయనా?" అనేవాడు. మావాడు ఇంటికొచ్చి మా అన్నాల గిన్నెల వంక చూడకుండా గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

సాయంత్రాలు మా ముందు గదే గోదా. మంచం నిలబెట్టి, పరుపు నేల మీద పరిచేవాడు.

"కాలు ఇవ్వమ్మా."

"ఇస్తే మళ్ళీ వెనక్కి ఇస్తావా?"

"ఊరికే నిలబడు చాలు. నేను మెల్లగా పట్టుకుంటాను."

రోజంతా నిలబడి కాగితాలు మడిచిన కాలు అది. దాన్ని వాడు మోకాలి వెనక నుంచి చుట్టి, తల నా నడుముకి ఆనించి, పైకెత్తేవాడు. నేను ఒంటికాలి మీద గెంతుతూ తలుపు పట్టుకునేదాన్ని. అత్తయ్య పీట మీద కూర్చుని, "ఎడమకాలు పట్టుకోరా, అది తేలిక" అని సలహాలిచ్చేది. పక్కింటావిడ ఒకరోజు చప్పుడు విని తలుపు తీసి, మమ్మల్ని ఆ వాలకంలో చూసి, మాట్లాడకుండా మళ్ళీ తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వామో. మా ఇంట్లో అంత నవ్వు విని చాలా ఏళ్ళయింది.

వారానికోసారి పోటీ. ఒకసారి వాళ్ళ స్కూల్లో, ఒకసారి మా స్కూల్లో, ఒకసారి ఇంకెక్కడో. ఎక్కడైనా బేకరీ ఆయన ముందే వచ్చి ఉండేవాడు. పక్కన కాగితపు సంచీ పెట్టి ఉంచేవాడు. నేను రాగానే సంచీ తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. అందులో బన్నులు. కొడుకు కోసం తెచ్చేవాడు, కొడుకు బరువు పెరుగుతానని ముట్టుకునేవాడు కాదు. నా కొడుకూ అంతే. చివరికి అవి నా చేతిసంచిలో మా ఇంటికి చేరేవి.

"మీ వేళ్ళకేమిటండీ ఆ తెలుపు?" అని అడిగాడొకసారి.

"మైదా జిగురండీ. అట్టలు అంటించేది దానితోనే."

ఆయన తన చేతులు చాపి చూపించాడు. గోళ్ళ పక్కన అదే తెలుపు. "అయితే మనిద్దరిదీ ఒకటే సరుకు. నాది తింటారు, మీది చదువుతారు."

అంతకంటే పెద్ద మాటలేమీ మేం మాట్లాడుకోలేదు. పాయింట్లు, దెబ్బలు, డ్రిల్లు మాస్టారి అరుపులు, పిల్లలు ఏం తింటున్నారు, ఏం తినడం లేదు. మా పిల్లలిద్దరూ చాప మీదికి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరం నోళ్ళు మూసుకునేవాళ్ళం. ఆ కాసేపూ ఆయన మోకాళ్ళ మీద చేతులు బిగించుకుని కూర్చునేవాడు. నేను చేతిసంచి పిడిని నలిపేసేదాన్ని. ఆట అయ్యాక మొదట ఊపిరి వదిలినవాళ్ళు, "టీ తాగుదామా?" అనేవాళ్ళు.

బన్నుల సంగతి అత్తయ్యకి అనుమానం తెప్పించింది.

"వారం వారం ఇస్తున్నాడు. ఎవరా బేకరీ ఆయన?"

"బల్లి వాళ్ళ నాన్న అత్తయ్యా. వాళ్ళబ్బాయి తినడట."

"వాళ్ళ వీధిలో కుక్కలు లేవా? నీకే ఎందుకిస్తాడు?" అంది. తర్వాత బన్ను సగం తుంచి నోట్లో వేసుకుని, "మెత్తగానే ఉంది. ఈసారి నేనూ వస్తాను. మనవడి ఆట చూడొద్దూ?" అంది.

శాలువా కప్పుకుని, చెక్క మెట్ల మీద వేసుకోవడానికి దిండు పట్టుకుని వచ్చింది. మనవడి ఆట ఎంత చూసిందో గానీ, బేకరీ ఆయన్ని మాత్రం ముందు నుంచీ వెనక నుంచీ చూసింది.

"మీ ఆవిడ రాలేదా బాబూ?"

"మేం విడిపోయామండీ. ఆమె వేరే ఊళ్ళో ఉంటుంది."

"తప్పెవరిది?"

"అత్తయ్యా," అన్నాను నేను కొంగు లాగుతూ.

"ఫరవాలేదండీ," అన్నాడాయన. నిజంగానే ఆలోచించి చెప్పాడు. "ఇద్దరిదీ కొంచెం కొంచెం. నాది కాస్త ఎక్కువ. తెల్లారకముందే పనికి పోయేవాణ్ణి, పొద్దుగూకేసరికి నిద్రపోయేవాణ్ణి. మెలకువగా ఉన్న మొగుణ్ణి ఆమె చూసిందే తక్కువ."

అత్తయ్య తల ఊపింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "అబద్ధం ఆడేవాడైతే తప్పంతా ఆవిడదే అనేవాడు," అంది. ఆ రోజు బన్నులు రెండు తింది.

మావాడు మూడోసారి బల్లి చేతిలో ఓడిపోయింది ఆ తర్వాతి వారమే. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చి, షూ లేసులు విప్పుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నువ్వు ఆయన పక్కన కూర్చోవద్దమ్మా."

"ఎవరి పక్కన?"

"తెలిసే అడుగుతావేంటి? జట్టులో అందరూ నవ్వుతున్నారు."

"వాళ్ళు నవ్వితే నవ్వనీరా. పక్కపక్కన కూర్చుంటే తప్పేముంది?"

"వాళ్ళ సంగతి కాదు." షూ తీసి గోడవారగా పెట్టాడు. విసిరి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "వాడు నా మెడ వంచుతున్నప్పుడు నువ్వు ఆయనతో ఏదో చెప్పి నవ్వావు. నేను తలకిందులుగా ఉన్నాను. అయినా కనిపించింది."

మా ఇద్దరికీ ఆ ఆటల్లో నోరు పెగలదని నాకు తెలుసు. ఆ రోజు బహుశా భయంతో పళ్ళు బిగించానేమో, వాడికి అది నవ్వులా కనిపించిందేమో. అదంతా చెప్పి వాదించొచ్చు. కానీ పదహారేళ్ళ పిల్లాడు అలా తల వంచుకుని కూర్చుంటే ఎవరు సరైనవాళ్ళన్న లెక్క ఎవరికి కావాలి? "సరే," అన్నాను.

తర్వాతి పోటీలో గ్యాలరీ ఇటు చివర, తలుపు దగ్గర కూర్చున్నాను. బేకరీ ఆయన అటు చివర ఉన్నాడు. నన్ను చూసి సంచీ ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను లేవలేదు. ఆయన ఒకసారి కింద ఉన్న మావాడి వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. అర్థమైనట్టు తల కొద్దిగా వంచి, సంచీని నెమ్మదిగా పక్కన పెట్టేశాడు. చెయ్యి ఊపలేదు, ఎందుకని అడగడానికి రాలేదు.

అత్తయ్య నా పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత దిండు చంకలో పెట్టుకుని లేచింది.

"ఎక్కడికి?"

"అటు."

"వాడు వద్దన్నాడు కదా అత్తయ్యా."

"నీకు చెప్పాడు. నాకెవరూ ఏమీ చెప్పలేదు," అని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దాటుకుంటూ వెళ్ళి ఆయన పక్కన దిండు వేసుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. బఠాణీలు ఒలుస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నువ్వు కూర్చోలేదని ఆయన బన్నులు తెచ్చి కూడా సంచీ విప్పలేదు."

"మీరు తినాల్సింది."

"నాకు ఆకలి లేదు." నాలుగు కాయలు ఒలిచింది. "నువ్వు ఆయనతో మాట్లాడేటప్పుడు నీ గొంతు మారుతుంది, తెలుసా?"

నేను చాకు ఆపాను. "అలాంటిదేమీ లేదు అత్తయ్యా."

"నేనేమైనా అన్నానా? మారుతుందన్నాను, అంతే. మావాడు బతికున్నప్పుడు వాడితో అలా మాట్లాడేదానివి. మళ్ళీ ఈ చెవులతో వింటాననుకోలేదు." ఒలిచిన గింజలు నా ముందుకు నెట్టింది. "పొయ్యి మీద నూనె మాడుతోంది, చూసుకో."

ఆ మాట తర్వాత ఏం చెయ్యాలో తోచక నూనె సంగతే చూసుకున్నాను. కళ్ళనీళ్ళకి వంక పెట్టుకోవడానికి ఉల్లిపాయలైనా లేవు ఆ రోజు.

చివరి పోటీ పెద్ద స్టేడియంలో. మావాడు ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ ఫైనల్ దాకా వచ్చాడు. అవతలి వైపు నుంచి బల్లి వచ్చాడు. వేరెవరైనా వస్తారని మాకెవరికీ ఆశ లేదు కూడా. నేను ఇటు చివర, అత్తయ్యా ఆయనా అటు చివర.

ఆట మొదలైంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి కంఠతా వచ్చు. బల్లి కుడి చెయ్యి చాపగానే మావాడు కిందికి దూరి కాలు అందుకున్నాడు. మోకాలి వెనక నుంచి చుట్టి, తల నడుముకి ఆనించి. నా కాలు నాకు తెలియకుండానే లేచింది. బల్లి పడ్డాడు. రెండు పాయింట్లు. మా డ్రిల్లు మాస్టారు టవలు గాల్లోకి విసిరాడు.

రెండో సగంలో తలలు ఢీకొని బల్లి ముక్కు నుంచి రక్తం వచ్చింది. రెఫరీ ఆట ఆపాడు. వాళ్ళ మాస్టారు దూది కోసం సంచులన్నీ వెతుకుతున్నాడు. బల్లి ముక్కు పట్టుకుని నిలబడ్డాడు, రక్తం మోచేతి దాకా కారుతోంది. మావాడు తన మూలకి వెళ్ళి, మా మాస్టారి చేతిలోంచి టవలు తీసుకుని, తిరిగొచ్చి వాడికిచ్చాడు. ఏదో అన్నాడు కూడా. బల్లి టవలు ముక్కుకి అదుముకుని ఏదో జవాబిచ్చాడు.

ఆట మళ్ళీ మొదలయ్యాక బల్లి వెనక్కి వెళ్ళి నడుం దొరికించుకున్నాడు. ఇక వదలలేదు. మావాడు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాడు.

తడి తలతో పైకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను వీపు మీద చెయ్యి వేశాను, వద్దనలేదు. కింద బల్లి ముక్కులో దూదితో గ్యాలరీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆయన కిందికి ఎందుకు వెళ్ళట్లేదు?" అన్నాడు మావాడు.

"ఎవరు?"

"బల్లి వాళ్ళ నాన్న. కొడుకు గెలిచాడు కదా."

"దిగే మెట్లు ఇటే ఉన్నాయి. మన ముందు నుంచే వెళ్ళాలి."

మావాడు కాసేపు అరచేతులు చూసుకున్నాడు. "పొద్దున బరువు చూసే క్యూలో వాడు నా వెనకే ఉన్నాడు. ఇద్దరం రాత్రి నుంచీ ఏమీ తినలేదు. అప్పుడు చెప్పాడు. డిసెంబరంతా వాళ్ళ నాన్న పని చేసుకుంటూ పాటలు పాడాడట. దరిద్రంగా పాడతాడట. అయినా పాడేవాడట. ఇప్పుడు మానేశాడట."

నేను చేతిసంచి పిడిని గట్టిగా పట్టుకున్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. "అంకుల్," అని కేకేశాడు గ్యాలరీ అవతలికి. "మీవాడు మీకోసం చూస్తున్నాడు."

ఆయన లేచి, జనాన్ని తప్పించుకుంటూ మా ముందుకొచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు. మావాడు దారివ్వడానికి మోకాళ్ళు పక్కకి తిప్పి, మెట్ల వైపు చూస్తూ, అటు చివరికి కూడా వినిపించేట్టు అన్నాడు.

"తిరిగొచ్చాక ఇక్కడ కూర్చోండి. నానమ్మకి అక్కడ చలేస్తోందట."

అటు చివర నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "నాకేం చలి లేదే," అంది. అని, దిండు తీసుకుని ఇటు బయల్దేరింది.

ఎండాకాలం సెలవుల్లో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. రెండు స్కూళ్ళ డ్రిల్లు మాస్టార్లూ, మా షాపు ఓనరూ సాక్షులు. బేకరీ మీద ఉన్న గదుల్లోకి మారాలని అనుకున్నాం. అప్పుడు అత్తయ్య పెట్టె సర్దుకుంది, తనది మాత్రం వేరేగా.

"కూతురి దగ్గరికి పోతాను. కోడలు పెళ్ళి చేసుకుంటే అత్తగారు వెంట వెళ్ళడం ఎక్కడైనా ఉందా? నలుగురూ ఏమనుకుంటారు?"

నేను బతిమాలాను, మావాడు అలిగాడు, ఆవిడ కదల్లేదు. బేకరీ ఆయన వచ్చి పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. వాదించలేదు.

"మీరు వెళ్ళాలంటే నేనే దింపి వస్తానండీ. కింద గది మాత్రం మీకని సున్నం వేయించేశాను. మీ మోకాళ్ళకి మెట్లు పడవు కదా. అవతల పొయ్యి గోడ, చలికాలం వెచ్చగా ఉంటుంది."

అత్తయ్య తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పింది.

"ఏం రంగు వేయించావు?"

"తెలుపండీ."

"తెలుపు ఊరికే మాసిపోతుంది. అడగొద్దూ?" అంది, పెట్టె తాళం తీస్తూ.

పిల్లలిద్దరూ ఒకే గదిలో పడుకునేవాళ్ళు. మొదటి నెలంతా స్నానాల గది కోసం, కిటికీ పక్క మంచం కోసం కొట్టుకునేవాళ్ళు. ఎవరు గెలిచారో పాయింట్లతో సహా చెప్పేవాళ్ళు. ఇప్పుడు బల్లి ఒక స్కూల్లో పిల్లలకి కుస్తీ నేర్పుతున్నాడు. బేకరీలో పిండి కలుపుతున్నది మావాడు. తెల్లారకముందే లేస్తాడు, కానీ సాయంత్రం నిద్రపోకూడదని ఈయన వాడికి గట్టిగా చెప్పాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు పదే పదే గుర్తొచ్చేది మాత్రం మేం ఆ ఇంటికి మారిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం. అత్తయ్యకి ఊరికే కూర్చోవడం చేతకాక బేకరీ కౌంటరు దగ్గర కుర్చీ వేసుకుంది. ఎవరో కొత్తావిడ బ్రెడ్డు కొనడానికి వచ్చింది. నేను పక్కన పొట్లాలు కడుతున్నాను. ఈయన లోపల పిండి పిసుకుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆవిడ లోపలికి తొంగి చూసి, "ఆయన మీకేమవుతారండీ?" అని అడిగింది.

నా చేతిలో దారం ఆగిపోయింది.

"మా కోడలి మొగుడు," అంది అత్తయ్య.

ఆవిడ పకపకా నవ్వింది. "అంటే మీ అబ్బాయనేగా. అలా తిప్పి చెప్తారేంటి పెద్దమ్మగారూ?"

లోపల రాగం ఆగింది. పిండి చప్పుడూ ఆగింది. అత్తయ్య బ్రెడ్డుని కాగితంలో పెట్టి, అంచులు మడిచి, ఆవిడ చేతికిచ్చింది.

"అవునమ్మా," అంది. "మా అబ్బాయే."